తల్లిగారిల్లు: కణ్వుని మాటకు స్త్రీల పాటల సమాధానము

కాళిదాసుని శాకుంతల నాటకమున నాలుగవ అంకము శ్రేష్ఠమని పండితులు పరంపరగా చెప్పుచు వచ్చినారు. కూతురును అత్తవారింటికి సాగనంపు తండ్రి హృదయమును అంత సుకుమారముగా చిత్రించిన రచనలు అరుదు. కాని ఆ అంకమున కణ్వమహర్షి పలికిన రెండు మాటలను విమర్శకులు తగినంతగా పరిశీలింపలేదని నా అభిప్రాయము. ఎడబాటునకు కుములుచున్న శకుంతలను ఓదార్చుచు, గొప్ప యింటికి ఇల్లాలివై, క్షణక్షణమును భర్త యింటి కార్యములలో మునిగి, కొడుకును కన్న పిదప నన్ను విడిచిన దుఃఖము నీకు లెక్కకు రాదని ఆయన చెప్పును. ఇది మొదటి మాట. ఈ తపోవనమును మరల ఎప్పుడు చూతునని ఆమె అడుగగా, చిరకాలము రాణివై యుండి, కుమారునికి రాజ్యభారము అప్పగించిన తరువాత భర్తతో కూడ ఇక్కడికి వత్తువని బదులు చెప్పును. ఇది రెండవది.

సంసారపు పని కూతురి మనసునుండి పుట్టింటి తలపును తుడిచివేయునని మొదటి మాట చెప్పుచున్నది. కూతురు మరలి వచ్చుట జీవితపు చివర జరుగు సంగతియని రెండవది చెప్పుచున్నది. ఆశ్రమవాసియైన తండ్రి నోట ఈ మాటలు గంభీరముగా నున్నవి. నాటకమున వాని ఔచిత్యమును శంకింప పనిలేదు. అయినను పెండ్లియై, బిడ్డల తల్లియై, ఇంటెడు చాకిరిలో నున్న తెలుగు కూతురి విషయమున ఇవి చెల్లునా యనునది విచారింపవలసిన ప్రశ్న. దీనికి సమాధానము మన కావ్యములలో కొంతయు, స్త్రీల పాటలలో మిక్కిలిగాను లభించుచున్నది. ఆ సమాధానము కణ్వుని మాటకు ఎదురుగా నిలుచునని చూపుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

శకుంతలకథను భారతమునుండియు, కాళిదాసునినుండియు గ్రహించి, రెంటిని మేళవించి శృంగార శాకుంతలముగా రచించినవాడు 15వ శతాబ్దివాడైన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు. సూర్యాపేటకు చేరువన, రేచెర్ల రెడ్ల కాలపు శివాలయములతో విలసిల్లు పిల్లలమఱ్ఱి గ్రామమునుండియే ఆ కవికి ఇంటిపేరు వచ్చినదని పలువురి అభిప్రాయము. కణ్వాశ్రమమును తెలుగు చేసిన కవి పేరుతో ముడిపడిన సీమలోనే ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట ఉచితమని తోచినది. కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నడుమనున్న సీమను ఈ పరిశీలనకు క్షేత్రముగా గ్రహించితిని.

మొదట కావ్యముల సంగతి చూతము. దుష్యంతుడు నిరాకరించి, ఆశ్రమమునుండి వెంట వచ్చినవారును విడిచిపోగా, శకుంతలను స్త్రీ రూపమున నున్న ఒక తేజస్సు ఎత్తుకొనిపోవును. ఆమెను మారీచాశ్రమమునకు చేర్చినది మేనకయని నాటకము చివర తెలియవచ్చును. పుట్టినవెంటనే విడిచిన తల్లి, లోకమంతయు విడిచిన క్షణమున వచ్చి కూతురును చేరదీసినది. ఉత్తరకాండమున సీత రెండవమారు సభలో నిలువవలసివచ్చినప్పుడు తల్లియైన భూదేవిని వేడి ఆమె ఒడిలో చేరినది. భాగవత చతుర్థస్కంధమున సతి తండ్రి చేయు యజ్ఞమునకు పోగా, దక్షునికి వెరచి సభలోని వారెవ్వరును పలుకరింపలేదు. తల్లియు, అక్కచెల్లెండ్రును మాత్రమే కన్నీటితో కౌగిలించుకొనిరి.

ఈ మూడు కథలలోను ఒక సామ్యము స్పష్టము. కూతురికి అవమానము జరిగిన చోటనే, అవమానము జరిగిన తరుణముననే తల్లి కనబడుచున్నది. తల్లి ఆపదకు శరణ్యము. అంతే కాని నిత్యజీవితమునకు తోడు కాదు. పెండ్లియైన కూతురికిని తల్లికిని నడుమ ఏటేట, పండుగపండుగకు సాగు అనుబంధము కావ్యమునకు ప్రధాన వస్తువు కాలేదు. ఇందుకు కారణము కవుల హృదయమున ఆర్ద్రత లేకపోవుట కాదు. కరుణరసమునకు వియోగముహూర్తము కావలయును; ఏడాదికొకమారు వచ్చి నాలుగునాళ్లుండి పోవు కూతురి రాకలో అట్టి ముహూర్తము లేదు. రసమును కొలుచు కొలబద్దకు అందని వస్తువు విమర్శకును అందలేదు.

అయినను సతి కథలో కొంత విశేషమున్నది. ఆమె బయలుదేరినది ఆపదలో కాదు, వేడుకకు. తోబుట్టువులను, పినతల్లులను, తనయెడ మనసు కరగియుండు తల్లిని చూడగోరి ఆమె భర్తను వేడుకొనును. తండ్రి యింటికి పిలువకున్నను పోవచ్చునని వాదించును. శివుడు వలదనగా, పోవలెనను కోరికకును భర్తపట్ల వెరపునకును నడుమ నలిగి, ఇంటినుండి వెలుపలికి పోవుచు, మరల లోనికి వచ్చుచు తిరుగాడును. సంసారిణియైన కూతురి మనసునకు ఇంతకంటె సత్యమైన చిత్రము సంస్కృతమున నేను చూచి యెరుగను. ఈ గాథను తెలుగు చేసిన పోతన కృతిని చదువు విద్యార్థులు దక్షాధ్వర ధ్వంసమునే ముఖ్యముగా చదువుదురు. గడపకు లోపల వెలుపల తిరుగాడిన ఈ కూతురిని ఆగి చూచువారు తక్కువ. మరియొక సంగతి. తండ్రి ఆదరింపని యింట తల్లి చేసిన మర్యాదను సతి స్వీకరింపలేదు. తల్లి ప్రేమ కొరతపడలేదు. ఆ ప్రేమను చూపుటకు తగిన యిల్లే తల్లిది కాదు. ఈ మాటను మరువరాదు.

ఇక పాటల వైపు మరలుదము. అంతకు ముందు ఒక పలుకుబడిని గమనింపవలయును. తీరాంధ్రమున పుట్టినిల్లు, పుట్టిల్లు అనుమాట హెచ్చు. తెలంగాణమున తల్లిగారిల్లు, అవ్వగారిల్లు అందురు. ఇల్లు తండ్రి పేర నుండును, అన్నదమ్ములకు సంక్రమించును. కూతురు మాత్రము దానిని తల్లి పేరుతో పిలుచుచున్నది. మామ యింటిని అత్తగారిల్లని పిలుచుటయు ఇట్టిదే. 1956నాటి హిందూ వారసత్వ చట్టమును సవరించి, 1985 సెప్టెంబరు 5నుండి ఆంధ్రప్రదేశమున పెండ్లికాని కూతుండ్రకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానముగా హక్కు కల్పించిరి. 2005లో దేశమంతటను కూతుండ్రకు అట్టి హక్కు వచ్చినది. భాషలోని హక్కు అంతకు చాల పూర్వమే ఏర్పడియున్నది. దస్తావేజులలో లేని తల్లి, కూతురి నోట ఇంటికి యజమానురాలైనది.

తెలంగాణమున బతుకమ్మ పండుగకు పాడుకొను పాటలలో కలికి కామాక్షి పాట మిక్కిలి ప్రసిద్ధము. కలవారింటి కోడలు పప్పు కడుగుచుండగా అన్న వచ్చును. కాళ్లకు నీళ్లిచ్చి ఆమె కంట నీరు పెట్టుకొనును. బిడ్డనెత్తుకొని ప్రయాణము కమ్మని అన్న చెప్పును. ఆమె అత్తను అడుగగా మామను అడుగుమనును. మామ మరియొకరిని చూపును. ఇట్లు ఇంటిల్లిపాదిని అడిగి అడిగి, తుదకు భర్త అనుమతి పొందును. పాట యంతయు ఈ అడుగుటయే. విమర్శకులు దీనిని ఉమ్మడి కుటుంబపు కట్టుబాట్లకు ఉదాహరణముగా చూపుదురు. అది నిజమే, కాని అంతటితో పాట అర్థము తీరలేదు. కణ్వుడు చెప్పిన లక్షణములన్నియు ఈమెయందున్నవి: కలవారిల్లు, ఎడతెగని పని, చంకన బిడ్డ. ఆ లక్షణములున్నచోట దుఃఖము లెక్కకు రాదని ఋషి వాక్యము. పప్పు కడుగు చేయి ఆగకమునుపే కన్నీరు వచ్చినదని పాట సాక్ష్యము. పని తలపును తుడిచివేయలేదు. పనిలోనే తలపు కాపురమున్నది.

ఈ పాటలో తల్లి ఒక్కమారును కనబడకపోవుట మరియొక విశేషము. అన్న వచ్చినాడనగా ఎవరు పంపిరో వినువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేరుగా చెప్పుకొనని అనుబంధమునకు నెపము కావలయును. అన్న రాక నెపము, పండుగ నెపము, పురుడు నెపము, ఒడిబియ్యము నెపము. ఈ నెపముల సాహిత్యమే స్త్రీల పాటలలో పెద్ద భాగము. కరుణమును వెదకు విమర్శకు అవి వట్టి ఆచారవర్ణనలుగా తోచినవి.

బతుకమ్మ ఈ నెపములలో తలమానికము. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగియు ఈ పండుగ, నాట్లు, కలుపులు తీరి కోతలు ఇంకను మొదలుకాని యెడమున వచ్చును. కూలికి పోవు ఇల్లాలికిని కూతురై పోవుటకు తీరిక దొరకు నాళ్లవి. నూరుగురు కొడుకులను పోగొట్టుకొన్న ధర్మాంగద, సత్యవతులకు కూతురు పుట్టగా బతుకమ్మయని పేరు పెట్టిరని ఒక ఐతిహ్యము. బతుకుమని దీవించుటయే ఆ పేరునకు అర్థము. తుదినాడు నీటిలో విడుచునప్పుడు గౌరమ్మను పొమ్మని అనరు, పోయిరమ్మందురు. కణ్వుడు జీవితాంతమునకు వాయిదా వేసిన రాకను ఈ పండుగ మరుసటి యేటికే కుదుర్చుచున్నది.

ఇక్కడ పరిశోధకులు గమనింపని చిక్కు ఒకటి కలదు. సూర్యాపేటలో పుట్టి, కోదాడకు కోడలై వచ్చి, తన కూతురును మిర్యాలగూడకు ఇచ్చిన ఒక నడివయసు ఇల్లాలిని తలంతము. సద్దులనాడు సూర్యాపేటలో ఆమె తల్లి ఆమెకై ఎదురుచూచును. మిర్యాలగూడనుండి ఆమె కూతురు కోదాడకు వచ్చును. ఈమె ఏమి చేయవలయును? కూతురై సూర్యాపేటకు పోయినచో తల్లియై కోదాడలో నుండజాలదు. సాధారణముగా ఆమె నిలిచిపోవును. తల్లి తన తల్లిగారింటికి పోవుట మానుకొన్ననాడే కూతురికి తల్లిగారిల్లు ఏర్పడుచున్నది. ఈ త్యాగమును గూర్చి ఎవ్వరును మాటాడరు. బతుకమ్మ చుట్టు తిరుగు వలయమున ఊరి ఆడబిడ్డలును, ఊరి కోడండ్రును ఒకే పాట పాడుదురు. వచ్చినదాని నోట అది సంతోషము, రాలేక నిలిచినదాని నోట అది తలపోత. పాట ఒకటే, అర్థములు రెండు.

మన పాటల సంకలనములలో ఈ రెండవ అర్థము నిలువలేదు. డాక్టరు బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము ఈ శాస్త్రమునకు పునాది వేసిన గ్రంథము. ఆ ఋణము మనకందరకు నున్నది. తరువాతివారు పాటను, ఊరిని, కొన్నియెడల పాడినవారి పేరును, కులమును వ్రాసికొనిరి. పాడినామె ఆ యూరికి కూతురా, కోడలా యని వ్రాసికొన్నవారు అరుదు. ఆ యొక్క మాట లేనిదే పాటలో తల్లికై యేడ్చునది ఎవరో, తల్లి యింట నవ్వునది ఎవరో తెలియరాదు.

ఈ పని ఆలస్యము చేయదగినది కాదు. 1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు విడిచిన తరువాత ఈ సీమలో వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. రోలు, రోకలి ఇంటినుండి తొలగగా, వాని లయను నమ్ముకొన్న పాటలకు చోటు పోయినది. నేడు కోదాడలోని కూతురు అన్నము వార్చుచునే సూర్యాపేటలోని తల్లితో సెల్‌ఫోనులో మాటాడుచున్నది. తిరుగలి పాట చేసిన పనిని ఆ మాటలు చేయుచున్నవి. కాని పాట పదిమందిది, ఫోను మాట ఇద్దరిది. అది సంకలనమునకు అందదు.

తల్లిగారింటిని కేవలము స్వర్గముగా చిత్రించుటయు పొరపాటే. పి. సత్యవతిగారి ఇల్లలకగానే కథలో తన పేరు మరచిపోయిన ఇల్లాలు పుట్టింటికి పోయి తల్లిని అడుగును. చదివించిన చదువు, ఇచ్చిన కట్నము, పోసిన పురుళ్లు తల్లి ఏకరువు పెట్టును; పేరు మాత్రము చెప్పజాలదు. తల్లి చూపిన ప్రేమయంతయు నెపముల రూపముననే సాగినందున, నెపములు మిగిలి మనిషి మరుగుపడుట ఇందు కనబడుచున్నది. సతి తల్లికి ఇల్లు తనది కాలేదు. ఈ తల్లికి కూతురి పేరే తనది కాలేదు. పాటలు చెప్పక విడిచిన కొరతను ఆధునిక కథ చెప్పినది.

ఇంతవరకు చేసిన చర్చవలన, కణ్వుని మాట తండ్రి ఆకాంక్షయే కాని కూతురి అనుభవము కాదని తేలుచున్నది. కూతురి దుఃఖము లెక్కకు రాకపోవుట నిజమే. లెక్క వ్రాయువారు దానిని వ్రాసికొనలేదు. పరిశోధక విద్యార్థులు ఈ మూడూళ్లకు పోయినప్పుడు పాటతోపాటు పాడినామెను, నీది ఈ యూరి పుట్టుకా, మెట్టుకా యని అడిగి వ్రాసికొందురుగాక. ఆ ప్రశ్నకు వచ్చు బదులుతో మన సంకలనములను మరల మొదటినుండి చదువవలసివచ్చును.