బొమ్మ కింద పేరు

‘పాతవి చూసి చేసినవేగా’ అంటూ పల్నాడులోని దుర్గి రాతి బొమ్మల్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమరావతి, నాగార్జునకొండ పోకడలు చూసి చెక్కడం తక్కువ పనైతే, రోమ్ చక్రవర్తి హేడ్రియన్ కోసం పనిచేసిన శిల్పులను కూడా అదే గాటన కట్టాలి.

హేడ్రియన్ క్రీ.శ. 117 నుంచి 138 దాకా ఏలాడు. ఆయనకి గ్రీకు పిచ్చి. కుర్రతనంలోనే ‘బుల్లి గ్రీకు’ అని వెక్కిరించేవారట. నున్నగా గీయించుకునే రోమ్ చక్రవర్తుల వరసలో నిండుగా గడ్డం పెంచిన మొదటివాడు ఆయనే. సింహాసనం ఎక్కకముందే, 112లో, ఏథెన్స్ నగరంలో ఆర్ఖన్, అంటే నగర పెద్ద, పదవి చేశాడు. అక్కడి జ్యూస్ గుడికి పునాది పడి ఆరు వందల ఏళ్లు దాటినా పని తెమల్లేదు. చివరికి పూర్తి చేయించింది ఈయనే. డబ్బూ అధికారమూ ఉన్నవాడి అభిమానం కదా, అంతటితో ఆగుతుందా? రోమ్‌కి దగ్గర్లోని టివోలిలో ఊరంత విడిది కట్టించుకుని, ఏథెన్స్‌లోని ఎరెక్థియాన్ గుడి కప్పును మోసే స్త్రీమూర్తులకు నకళ్లు చేయించి, కోనేటి గట్టున నిలబెట్టించాడు.

ఆ విడిది శిథిలాల్లో 1736లో రెండు నల్లటి పాలరాతి బొమ్మలు దొరికాయి. నడుం దాకా మనిషి, కింద గుర్రం. ఒకడు ముసలివాడు, ఒకడు కుర్రాడు. అవీ పాత గ్రీకు నమూనాలు చూసి చెక్కినవేనని పండితులు చెబుతారు. అయితేనేం? పీఠాల మీద గ్రీకు అక్షరాల్లో అరిస్టియాస్, పాపియాస్ అని పేర్లున్నాయి. ఇప్పటి టర్కీలోని ఆఫ్రొడిసియాస్ వాళ్లు. చూసి చేశామని ఏమీ మొహమాటపడలేదు.

రోమ్ సంగతి పల్నాటికెందుకంటారా? వినుకొండలో 1889లో పదిహేను రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. టైబీరియస్ కాలం మొదలు కరకల్లా దాకా ఉన్న వరస. హేడ్రియన్ ఏలుబడి దాని నడుమనే పడుతుంది. ఇక్ష్వాకుల విజయపురి, అంటే మన నాగార్జునకొండ, తవ్వకాల్లో రాజభవనం ఉన్న చోట ఒక స్తంభం మీద వింత మనిషి కనిపించాడు. పలచని గడ్డం, ఒంటి మీద సగమే బట్ట, చేతిలో కొమ్ముపాత్ర, పక్కన పీపా. గ్రీకుల మద్య దేవుడు డయోనిసస్ అని పోల్చారు. ఎవరో యవనుడే వచ్చి చెక్కి ఉంటాడని కొందరి ఊహ. నాకు మటుకు నమ్మబుద్ధి కాదు. రాయి పల్నాటి సున్నపురాయి, బుద్ధుణ్ణి చెక్కినదీ దానిమీదే. పరదేశి దేవుణ్ణి ఏ పాత్ర మీదో, బొమ్మ మీదో చూసి మనవాడే చెక్కి ఉంటాడు. చూసి చెయ్యడం మనకు కొత్త కాదు.

చూసి చెయ్యడమంటే ఏమిటో దుర్గిలో ఓ శిల్పి దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ముందు రాయిని సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమంటే సరే, బొంగురుపోతే లోపల పగులున్నట్టే. తర్వాత లెక్క. నవతాళమైతే ఒంటి నిడివి మొత్తం తొమ్మిది తాళాలు, తాళానికి పన్నెండు అంగుళాలు, వెరసి 108. ముఖం ఒక తాళం. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మకే చెందిన కొలత. అందుకే జానెడు బుద్ధుడిలోనూ నిలువెత్తు బుద్ధుడిలోనూ అదే పొందిక. లెక్క పుస్తకంలో ఉంది గానీ, ఎడమ చేతి మీంచి జారి కాళ్ల దగ్గర లావుగా తిరిగే ఆ చీవరపు మడత ఏ లెక్కలోనూ లేదు. లోతు చాలకపోతే బట్ట తడిసి అంటుకున్నట్టుంటుంది, ఎక్కువైతే అంచు పెచ్చులూడుతుంది. నేను చూస్తుండగా ఆయన ఆ ఒక్క మడత దగ్గర చాలాసేపు ఆగాడు. నీళ్లు చల్లి చూసి, ఉలి వాలు మార్చి, మళ్లీ మొదలుపెట్టాడు. నకలు మాట ఎత్తితే తల ఎత్తకుండానే అన్నాడు: “చూసే చెయ్యమనండి సారూ, ఎంతమంది చేస్తారో!”

దుర్గి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే అది ఊరి పేరుకి దక్కిన గౌరవం. ఉలి పట్టిన మనిషి పేరు నేను చూసిన బొమ్మల్లో దేని కిందా లేదు. దేవుడి బొమ్మ కింద మన పేరేమిటని వాళ్లే వెనకాడతారు. ఆ వినయాన్ని కాదనలేను గానీ, పూర్వాచారం అంటే మాత్రం ఒప్పుకోను. జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటి శాసనం ఉంది. తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు (స్తూపపు అరుగు మీది కంబాలు) నిలిపింది ఆవేసని, అంటే పనివాడు, సిద్ధార్థుడని రాసి ఉంది. తండ్రి పేరూ వేయించాడు, ఆయన కూడా ఆవేసనే. దాత కాబట్టి పేరు నిలిచిందనేది నిజమే. అయినా తన వృత్తిని పేరు ముందు దర్జాగా పెట్టుకున్నాడు.

ఎత్తిపోతలకో, సాగర్‌కో వెళ్తూ మాచర్ల మీదుగా పోయేవాళ్లు దుర్గిలో కాసేపు ఆగండి. బొమ్మ కొంటే బేరానికి ముందు చెక్కిందెవరో అడగండి. పీఠం అడుగున ఆ పేరు, ఊరు, ఏడాది చెక్కించి, ఆ నాలుగు అక్షరాల పనికీ కూలి కలిపి ఇవ్వండి.