బొట్టు గీస్తే ముఖమవుతుందా?

ముఖాలు గీయడం నేర్చుకునేవారికి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బొమ్మలు మంచి బడి. కానీ పెద్ద బొట్టు, పసుపు ముఖం, ఎర్రచీర దించితే చాలదు. భావం సగం వాలిన రెప్పలో, మెడ వంపులో ఉంది. అయితే ఆ స్త్రీలు చాలావరకు ఒకే నిమ్మళంలో ఉంటారు. నా మటుకు అది లోటే.

మనవాళ్ల బొమ్మలకు ఇంకా అన్యాయం: గుస్సాడీ అయితే నవ్వు, కొమురం భీం అయితే కోపం. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగేదాకా ఊళ్లను కూడగట్టిన మనిషికి ఆలోచించే ముఖం ఉండదా?

మంథని అంగట్లో కూర్చున్న మన అవ్వను అడిగి నాలుగుసార్లు గీయండి. బేరమాడేటప్పుడు, బేరం పోయినప్పుడు కనుబొమ్మ, రెప్ప, పెదవి మూల ఏది కదిలిందో చూసి అదొక్కటే మార్చండి. కడియాలు, బొట్టు ఆఖరున గీయవచ్చు.