పాటతో పాటు ఊరి పేరు

"అన్నా, రాత్రిపూట వినేదానికి మంచి జానపదం ఒకటి చెప్పన్నా. కీబోర్డు మోత ఉండకూడదు. ఒక గొంతు, పక్కన తంబురో పలకో ఉంటే చాలు" అని పోయిన వారం మదనపల్లె నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. సదుంలో పాటలు పోగేసుకునేవాడు ఒకడున్నాడని చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు తెలిసిపోయింది. అడిగినవాళ్లకు ఒకసారికి ఒక్కటే చెబుతాను. పది పంపిస్తే ఒక్కటీ వినరు. పాట కంటే ముందు చీటీ పంపిస్తాను. క్యాసెట్ల రోజుల్లో ఆ చీటీని పెట్టె మూతలో మడిచి పెట్టేవాణ్ణి, ఇప్పుడు మెసేజీగా పోతోంది. పాడిందెవరు, ఏ ఊరు, ఏ పని మీద పాడే పాట, పక్కన మోగే వాద్యమేది, ఎక్కడ చెవి పెట్టి వినాలి. ఇంతకు మించి రాయను, ఇంతకు తక్కువా రాయను.

ఒక నష్టంతో అబ్బిన అలవాటు ఇది.

1988లో, తొలకరికి ముందు, మా ఇంటి పంచలో విత్తన చెనిక్కాయలు ఒలుస్తున్నారు. మా అవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ కూర్చున్నారు. ఒలిచిన గింజను పడితో కొలిచి కూలి ఇచ్చే రోజులు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కాయ చిట్లే చప్పుడు ఐదుగురి దగ్గర ఐదు రకాలుగా మొదలయ్యేది. అవ్వ పాట ఎత్తుకున్న కాసేపటికి అన్నీ ఒక్క తాళంలోకి వచ్చేసేవి. అవ్వ చరణం పాడితే మిగతావాళ్లు చివరి మాట అందుకునేవాళ్లు. గింజలు చేటలో పడే చప్పుడు సరిగ్గా ఆ చివరి మాట మీదే పడేది. దానికి ఏ మృదంగమూ సాటి రాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కువైట్ నుంచి మా మామ తెచ్చిన టేప్ రికార్డర్లో క్యాసెట్ ఒక వైపు నిండా ఆ పాటలు పట్టాను. పైన పెన్నుతో "పాటలు" అని రాసి అలమరలో పెట్టాను.

రెండేళ్లకు అవ్వ పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఇంటి పిల్లవాడొకడు క్యాసెట్ కోసం వెతికితే అదే చేతికి దొరికింది. సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. వాడి తప్పేమీ లేదు. "పాటలు" అని రాసున్న దానిలో వాడూ పాటలే ఎక్కించాడు. అవ్వ పేరు, సదుం, చెనిక్కాయలు ఒలిచేటప్పటి పాటలు అని ఒక్క ముక్క నేను రాసుంటే దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. సినిమా పాటలు అయిపోయిన చోట, టేపు చివర, అవ్వ మాట ఒకటి మిగిలింది. "ఇంక చాల్లేరా అబ్బోడా, పొద్దు పోతా ఉండాది." పాట ఒక్కటీ మిగల్లేదు.

అందుకే మిసిసిపీ జాన్ హర్ట్ సంగతి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అమెరికాలో పొలం పనులు చేసుకుని బతికిన నల్లజాతి గాయకుడాయన. 1928లో ఒక రికార్డు కంపెనీకి గిటారు మీద కొన్ని పాటలు పాడి ఇచ్చి, తిరిగి ఊరికి వచ్చి పనిలో పడిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన పాత రికార్డుల్లోంచి 84 పాటలు ఏరి, ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ఆరు ఎల్పీలుగా తెచ్చాడు. పాడిందెవరు, ఏ ఏడాది, రికార్డు నంబరెంత అన్నది పాటపాటకూ చిన్న పుస్తకంలో రాసి జతచేశాడు. వాటిలో హర్ట్ పాటలు రెండున్నాయి. మనిషి ఎక్కడున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు. అయితే 1928లో పాడిన ఇంకో పాటలో తన సొంత ఊరు అవలాన్ అని ఆయనే చెప్పుకున్నాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే సంగీతప్రియుడు ఆ ఒక్క మాట పట్టుకుని ఊరు వెతుక్కుంటూ పోతే, పెద్దాయన అక్కడే ఉన్నాడు. 35 ఏళ్ల తర్వాత మళ్లీ వెలుగులోకి వచ్చి, ఆ ఏడే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాడాడు. 1966లో పోయేదాకా పాడుతూనే ఉన్నాడు. పాటలో ఊరి పేరు లేకపోతే ఆ మూడేళ్లూ లేవు. ఆయన్ను విననివాళ్లు ఏ పాటతోనైనా మొదలుపెట్టండి. బొటనవేలు కింది తీగ మీద నడక తప్పకుండా నడుస్తుంటే, మిగతా వేళ్లు పైన పాట పలికిస్తుంటాయి. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

మన మదనపల్లెకూ అలాంటి అదృష్టం ఒకటి పట్టింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పిల్లల పాటల కూటంలో జనగణమన పాడారు. బెంగాలీ రాని పిల్లలు పల్లవి అందుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి, ఆ బాణీకి స్వరం రాసింది. టాగోర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాసిపెట్టుకున్నారు కాబట్టే నూరేళ్లు దాటినా మదనపల్లె పేరు ఆ పాటతో కలిసి నడుస్తోంది.

పుంగనూరుకు అంత అదృష్టం లేదు. సంగీత కళానిధి చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై 1898లో పుట్టింది పుంగనూరులో. ఇంటిపేరులా చిత్తూరు వచ్చి చేరడంతో ఆయన మా పక్క ఊరివాడని చెబితే పుంగనూరు వాళ్లే ఆశ్చర్యపోతారు. కాంచీపురం నాయనా పిళ్లై దగ్గర నేర్చి లయలో అందరినీ మెప్పించిన విద్వాంసుడు. ఆయన పాత రికార్డింగు ఎవరికి పంపినా చీటీలో మొదటి మాట పుంగనూరు అనే రాస్తాను.

ఇక మదనపల్లె స్నేహితుడికి నేను చెప్పింది కైవారం తాతయ్య తత్వాలు. చింతామణి దగ్గరి కైవారం మనకు బెంగళూరు దారిలోనే తగులుతుంది. 18వ శతాబ్దంలో అక్కడ గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప యోగి అయి, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో భజన బృందాలు ఇప్పటికీ ఆ తెలుగు పాడుకుంటున్నాయి. స్టూడియోలో ముస్తాబు చేసినవాటిని వదిలిపెట్టి, తంబుర, చిడతలతో పాడినవి వినమన్నాను. మొదటిసారి మాటలు పట్టించుకోవద్దని, తంబుర శ్రుతి మీద గొంతు ఎక్కడ ఆనుకుంటోందో చూడమని చీటీలో రాశాను.

తర్వాతి వంతులు కూడా అనుకునే ఉన్నాను. గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ పాడిన అన్నమయ్య ఒకటి. జాజర, సువ్వి, చందమామ, కోలాటం లాంటి పల్లె వరసలను అన్నమయ్య ఎంత ఇష్టంగా తీసుకున్నాడో ఆయన గొంతులో తెలుస్తుంది. ఆరు వందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టిన ఆ మనిషి 2025 మార్చిలో తిరుపతిలో వెళ్లిపోయారు. ఆ తర్వాత వింజమూరి సీత, అనసూయ. పల్లె పాటను సభావేదిక మీదికి గౌరవంగా తెచ్చిన అక్కచెల్లెళ్లు వాళ్లు. అనసూయమ్మ 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూసే నాటికి అమెరికా తెలుగు ఇళ్లలో కూడా ఆ పాటలున్నాయి.

దర్శనం మొగులయ్యను మాత్రం బొమ్మ చూస్తూ వినమంటాను. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట ఆయన ఊరు. సొరకాయ బుర్రలు, వెదురుతో చేసిన పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆయన వేళ్లు ఎక్కి దిగడం కళ్లతో చూడాల్సిందే. ఒక సినిమా పాట మొదట్లో పాడి పేరు మోగితే, 2022లో పద్మశ్రీ వచ్చింది. పల్లె గొంతును వాడుకున్న అన్ని సినిమాలూ ఆ పాడిన మనిషి పేరు చెప్పుంటే ఎంత బాగుండేది!

జానపదాల పేరుతో వస్తున్న ఆల్బమ్‌ల మీద నా పేచీ ఇక్కడే. వెనకాల రిథమ్ ప్యాడ్ మోత పెట్టి గొంతును ముంచేస్తున్నారు, అది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, పాట కింద "సంప్రదాయం" అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకోవడం. సంప్రదాయం నోరు తెరిచి పాడదు కదా. ఎవరో ఒకామె నాటు వేస్తూనో, కాయలు ఒలుస్తూనో పాడితేనే ఆ పాట ఆ ఆల్బమ్ దాకా వచ్చింది. ఆమెకొక పేరుంది, ఊరుంది.

నా చీటీకి బదులు చీటీ రావాలన్నది నేను పెట్టుకున్న ఒకే ఒక షరతు. విత్తనం తీసుకున్నవాడు పంట వచ్చాక విత్తనం తిరిగిచ్చినట్టు, పాట తీసుకున్నవాళ్లు ఇంకో పాట ఇవ్వాలి. అలా కుప్పం నుంచి ఒక టీచరమ్మ జోలపాట ఒకటి పంపింది. సగం తెలుగు, సగం తమిళం. మధ్యలో కన్నడం మాట కూడా ఒకటి దొర్లింది. మూడు భాషలు కలిసే ఆ ఊళ్లో అమ్మమ్మలు బిడ్డను నిద్రపుచ్చేది అలాగే. పాట మొదలుకాకముందే ఆ టీచరమ్మ తన గొంతుతో పాడుతున్నావిడ పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పి రికార్డు చేసింది. అప్పుడు నాకు వెలిగింది. కాగితం చీటీ పోవచ్చు, మెసేజీ చెరిగిపోవచ్చు. పాటలోనే చేరిన పేరు ఎక్కడికీ పోదు.

మీ ఇంట్లోనో వీధిలోనో పాడే అవ్వ ఒకామె ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. ఫ్యాను ఆపండి, ఫోను ఆమెకు మూరెడు దూరంలో పెట్టండి. పాట ఎత్తుకోకముందే ఆమె పేరు, ఊరు, ఆ పాట ఏ పనిలో పాడేదో ఆమె నోటితోనే చెప్పించండి. ఆ తర్వాత పాడమనండి.