పాత గోడకు సిమెంటు పూయకండి

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు నడిచేటప్పుడు పాత కట్టడాల గోడలు చూసుకుంటూ పోవడం నాకు అలవాటు. రంగు సంగతి తర్వాత, ముందు పూత చూస్తాను. పాత గోడ మీద సిమెంటు పడితే ఇట్టే తెలిసిపోతుంది, కొన్నేళ్లకే పెచ్చులూడుతుంది కనుక. రాయీ సున్నమూ కలిసిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన నీరు గోడలోని ఉప్పును వెంటబెట్టుకుని పూతను తోసుకుంటూ బయటికొస్తుంది.

అందుకే తెలిసిన మేస్త్రీలు గానుగ సున్నమే కావాలంటారు. నానిన సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలుపుతారు. అది గట్టిపడేదాకా రోజుల తరబడి తడుపుతూనే ఉండాలి. బిల్లు గడువు చూసుకుని చేసే పని కాదది.

మొజంజాహీ మార్కెట్ ఈ ఓపికకు దక్కిన ఫలం. ఏడో నిజాం రెండో కొడుకు పేరిట 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్‌కు 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అడ్డదిడ్డంగా వెలిసిన రేకులు, బోర్డులు, వేలాడే వైర్లు తీసేశాకే ఆ కమానుల అందం బయటపడింది. ఇంకా మంచి పని, ఐస్‌క్రీమ్ దుకాణాలను అక్కడే ఉండనిచ్చారు. జనం వచ్చిపోయే కట్టడానికే ఆయుష్షు.

అబిడ్స్‌లో సినిమా హాళ్లకు ఆ భాగ్యం లేకపోయింది. జమ్రూద్ మహల్ పోయింది, ప్యాలెస్ టాకీస్ పోయింది. నాటకశాలకైనా సినిమా హాలుకైనా మరమ్మతు మార్కెట్ కంటే కష్టం, నిజమే. నిప్పు నుంచి రక్షణ కావాలి, ఏసీ కావాలి, వెనక వరుసకూ మాట వినపడాలి. అయినా ఆ పని తలకెత్తుకున్న చోటూ ఉంది. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం ఆనంద గజపతి మహారాజే, గురజాడ 'కన్యాశుల్కం' అంకితం పుచ్చుకున్న ప్రభువు. ఏళ్లతరబడి మూతపడ్డ ఆ హాలును కూడా చెన్నై కార్పొరేషన్ బాగుచేయడానికి పూనుకుంది.

కొత్త సౌకర్యాలు వద్దని నేననను. కానీ పైపు బిగించే మేకు రాతిలోకి కాక, రాళ్ల మధ్య సున్నపు అతుకులోకి దిగాలి. రేపు ఊడదీసినా రాయికి గాయం ఉండకూడదు.

మీ ఊళ్లో పాత హాలుకు మరమ్మతు మొదలైతే వెళ్లి చూడండి. సిమెంటు బస్తాలు దిగుతుంటే ఆపమని అడగండి.