అట్టముక్కలూ, సికాన్ నోరూ

పళ్లరసం టెట్రాప్యాక్ డబ్బాను విప్పి, లోపలి వెండిపొర మీద దబ్బనంతో గీస్తే సన్నని గాడి పడుతుంది. దాంట్లో సిరా నింపి, పాత చీరముక్కతో పైపైన తుడిచి, తడి కాగితం పరిచి నొక్కితే బొమ్మ దిగుతుంది. ప్రెస్సు లేదు కాబట్టి నేను చెంచా వెనకవైపుతో రుద్దుతాను. పది పన్నెండు ప్రింట్లకే అట్ట నలిగి గీతలు పూడుకుపోతాయి. రాగిరేకూ ఆమ్లమూ అక్కర్లేని పని. అందుకేనేమో చూసినవాళ్లు ముందు నా పొదుపును మెచ్చుకుంటారు. "ఏదీ పారెయ్యవు కదా!" అంటారు. బొమ్మలో ఎవరున్నారని అడగరు.

ఈ మెప్పు మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు పెద్దగా లేదు. క్యూబా చిత్రకారిణి బెల్కిస్ అయోన్ (1967-1999) గురించి మొదటిసారి రాసినప్పుడు నేనూ అదే చేశాను. అట్ట మీద రకరకాల కాగితాలూ, గరుకు పదార్థాలూ అతికించి, ఆ ఎత్తుపల్లాలనే ప్లేటుగా వాడే కొలాగ్రాఫ్ ఆమె పద్ధతి. 1991లో సోవియట్ యూనియన్ కూలాక క్యూబాలో అన్నిటికీ కటకట. లేమిలోంచి కళ పుట్టిందని మురిసిపోతూ రాశాను.

అది తప్పు. ఆ కటకటకు ముందే, 1988లోనే ఆమె 'లా సేనా' (విందు)ను రంగుల కొలాగ్రాఫ్‌గా చేసింది. 1991లో దాన్నే నలుపు తెలుపుల్లో, కాగితాలు జోడించి, గోడంత వెడల్పున మళ్లీ చేసింది. అట్ట ఆమెకు గతిలేక దొరికింది కాదు, ఎంచుకున్నది. అతికించిన ఒక్కో పదార్థం సిరాను ఒక్కోలా పట్టుకుంటుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య అన్ని బూడిదరంగులు వచ్చేది అందువల్లే. చర్మం ఒకచోట పొలుసుల్లా, ఒకచోట మసిలా కనిపిస్తుంది.

ఆ చర్మం ఎవరిదో చెప్పాలి. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లతో క్యూబాకు చేరిన సంప్రదాయంలోంచి వచ్చింది అబకువా. మగవాళ్లకు మాత్రమే ప్రవేశమున్న రహస్య సంఘం. దాని పుట్టుక కథలో సికాన్ అనే అమ్మాయి నీళ్లకు వెళ్తే పవిత్రమైన చేప ఆమె కుండలో పడింది. దాని గొంతు మొదట విన్నది ఆమె. ఆ సంగతి కాబోయే భర్తకు చెప్పిందని చంపేశారు. రహస్యం దొరికింది ఆడదాని నీళ్లకుండలో, సంఘం మాత్రం మగవాళ్లది! (మనకు ఇందులో వింతేముంది?) క్రీస్తు కడపటి విందులో క్రీస్తు కూర్చునే చోట అయోన్ సికాన్‌ను కూర్చోబెట్టింది. ఆమె మనుషులకు కళ్లుంటాయి, సూటిగా మనల్నే చూస్తాయి. నోళ్లుండవు.

పదార్థం గురించి రాయొద్దని కాదు. ఆ గరుకుతనం లేకపోతే ఆ చూపు అంతగా గుచ్చుకోదు. కానీ నేను రాసింది గరుకుతనం గురించి కాదు, సర్దుకుపోవడం గురించి. ఇల్లాలికిచ్చే పాత మెచ్చుకోలునే తెచ్చి అయోన్‌కీ తొడిగాను.

మొన్న ఆ వ్యాసం తీసి లెక్కపెట్టాను. 'అట్ట' పదకొండు సార్లు వచ్చింది. సికాన్ పేరు ఒక్కసారి.