స్పేస్‌వైర్: ఉపగ్రహం లోపలి దారులు

ఉపగ్రహంలో కెమెరా, కంప్యూటర్, మెమరీ, భూమికి డేటా పంపే ట్రాన్స్‌మిటర్ వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. వాటిని కలిపే పని చాలాకాలం మిల్ స్టాండర్డ్ 1553 బస్ చేసింది. 1970లలో సైనిక విమానాల కోసం పుట్టిన ఆ బస్ వేగం సెకనుకు 1 మెగాబిట్. ఆదేశాలకు, ఉష్ణోగ్రతల రీడింగులకు అది చాలు. ఫొటోలకు చాలదు.

ఆ లోటు తీర్చిన స్పేస్‌వైర్‌కు మూలం అంతరిక్ష రంగంలో లేదు. బ్రిటన్‌లోని ఇన్‌మాస్ కంపెనీ తన ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లను కలపడానికి చేసిన లింకు 1995లో ఐఈఈఈ 1355 ప్రమాణమైంది. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో స్టీవ్ పార్క్స్, ఐరోపా అంతరిక్ష సంస్థతో కలిసి దాన్ని ఉపగ్రహాలకు తగినట్టు దిద్దారు. ఐరోపా ప్రమాణంగా అది 2003లో వెలువడింది.

దీని తెలివంతా క్లాక్‌ను, అంటే ప్రతి బిట్‌ను ఎప్పుడు చదవాలో చెప్పే సంకేతాన్ని, పంపే పద్ధతిలో ఉంది. ఒక్కో దిశకు రెండు జతల తీగలు: ఒక జత మీద డేటా, రెండో జత మీద స్ట్రోబ్. డేటా మారితే స్ట్రోబ్ కదలదు. డేటా మారకపోతే స్ట్రోబ్ మారుతుంది. రెండింటినీ ఎక్స్‌ఆర్ (రెండూ వేరైతేనే 1 ఇచ్చే లెక్క) చేస్తే క్లాక్ దానంతటదే వచ్చేస్తుంది. అందుకు ప్రత్యేక సర్క్యూట్ అక్కర్లేదు, కొద్దిపాటి లాజిక్ చాలు. రేడియేషన్‌ను తట్టుకునే చిప్‌ల ధర తెలిసినవారికి ఈ పొదుపు విలువ చెప్పనక్కర్లేదు.

ప్రతి 8 బిట్ల డేటాకూ 2 బిట్లు అదనంగా పోతాయి. కాబట్టి సెకనుకు 200 మెగాబిట్ల లింకు మీద అసలు సరుకు 160కి మించదు. అవతలి బఫర్‌లో చోటుందని టోకెన్ వస్తేనే డేటా కదులుతుంది. ఒక టోకెన్‌కు 8 అక్షరాలు. అందువల్ల బఫర్ పొంగి డేటా పోవడమంటూ ఉండదు.

ప్యాకెట్లను ఒక లింకు నుంచి మరో లింకుకు మళ్లించే రౌటర్ దగ్గర చిక్కు వస్తుంది. ప్యాకెట్ మొత్తం చేరేదాకా రౌటర్ ఆగదు. మొదటి బైట్ చూసి దారి ఇచ్చేస్తుంది. పొడవాటి గూడ్సు బండిలా ప్యాకెట్ ఒకేసారి రెండు మూడు లింకుల మీద పరుచుకుంటుంది. అవతలి పరికరం నెమ్మదిస్తే అది ఆక్రమించిన లింకులన్నీ మూతపడినట్టే. ప్యాకెట్ పొడవుకు ప్రమాణం హద్దు పెట్టలేదు గనుక ఈ జాగ్రత్త డిజైనర్ మీదే పడింది. ఇది స్పేస్‌వైర్‌లోని నిజమైన లోపం.

అయినా నాసా 2004 నాటి స్విఫ్ట్‌లోనూ, 2021లో ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపులోనూ దీన్నే వాడింది.

స్పేస్‌వైర్ తరువాతి తరంగా 2019లో ప్రమాణమైన స్పేస్‌ఫైబర్ ఒక్క లేన్ మీదే గిగాబిట్ల వేగం అందుకుంటుంది. ఒకే లింకును వర్చువల్ ఛానళ్లుగా విడగొడుతుంది కాబట్టి ఒక ఛానల్ నిలిచిపోయినా మిగతావి సాగుతాయి. పాడైన డేటాను లింకే మళ్లీ పంపుతుంది. ప్యాకెట్ రూపం మాత్రం స్పేస్‌వైర్‌దే గనుక, పాత పరికరాల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను చాలావరకు మార్చనక్కర్లేదు.