భాగం – 9: శిబిరం నుంచి బతికి రావడం – సోల్జెనిత్సిన్, షలమోవ్ కథలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాల గురించి వచ్చిన రెండు ముఖ్య రచనల నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• శిబిరంలోని శ్రమను, ఆకలిని, ఆత్మగౌరవాన్ని ఇద్దరు రచయితలు చిత్రించిన తీరును పోల్చగలుగుతారు.
• ప్రాణాలతో బయటపడటం ఖైదీ గొప్పతనానికి రుజువు అవుతుందా అనే ప్రశ్నను చర్చించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

రాజకీయ ఖైదీల రచనలు చదివేటప్పుడు మనం తరచుగా ఒక మాట అనుకుంటాం: ‘ఎంత మనోబలం ఉంటే ఇన్ని బాధలు తట్టుకుని బయటికి వచ్చాడో!’ ఈ మాటలో గౌరవం ఉంది. కానీ దీన్నే తిరగేసి చూడండి. లోపలే చనిపోయిన లక్షలమందికి మనోబలం చాలలేదనా అర్థం? బతికినవారిని మెచ్చుకునే తొందరలో, చనిపోయినవారి మీదే తప్పు మోపే ప్రమాదం ఉంది. శిబిర సాహిత్యాన్ని విమర్శించేవారు ముందుగా ఈ ప్రమాదాన్ని గుర్తించాలి. సోవియట్ శిబిరాలను అనుభవించిన ఇద్దరు రష్యన్ రచయితల కథల ఆధారంగా ఈ సమస్యను పరిశీలిద్దాం.

9.2 నేపథ్యం

సోవియట్ శిబిరాల పాలన చూసే ప్రధాన కార్యాలయం పేరుకు సంక్షిప్త రూపం ‘గులాగ్’. క్రమంగా ఆ మాట మొత్తం శిబిరాల వ్యవస్థకే పేరైంది.

అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్ రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదళ అధికారి. స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ను విమర్శించినందుకు 1945 ఫిబ్రవరిలో ఆయన్ను అరెస్టు చేసి, ఎనిమిదేళ్ల శిక్ష వేశారు. శిక్షాకాలం చివరి సంవత్సరాలు కజకిస్తాన్‌లోని ఎకిబస్తూజ్ శిబిరంలో గడిచాయి. అక్కడ ఆయన తాపీపని కూడా చేశాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన ‘ఇవాన్ డెనిసోవిచ్ జీవితంలో ఒక రోజు’ 1962 నవంబరులో, క్రుశ్చేవ్ అనుమతితో ‘నోవీ మీర్’ పత్రికలో అచ్చయింది.

వర్లామ్ షలమోవ్ (1907–1982) మొదటిసారి 1929లో, మళ్లీ 1937లో అరెస్టయ్యాడు. రెండోసారి ఆయన్ను ఈశాన్య సైబీరియాలోని కొలిమా ప్రాంతానికి, బంగారు గనుల పనికి పంపారు. అక్కడే 1943లో మరో పదేళ్ల శిక్ష పడింది. ఆయన ‘కొలిమా కథలు’ స్వదేశంలో పుస్తకంగా రావడం ఆయన కళ్లారా చూడలేదు.

9.3 షుఖోవ్ గోడ

సోల్జెనిత్సిన్ నవలికలో నాయకుడు ఇవాన్ డెనిసోవిచ్ షుఖోవ్ ఒక రైతు. యుద్ధంలో జర్మన్లకు చిక్కి, తప్పించుకుని వచ్చినందుకు గూఢచారి అన్నారు. సంతకం పెట్టకపోతే కాల్చేస్తారని తెలిసి సంతకం పెట్టాడు. పదేళ్ల శిక్ష పడింది. కథంతా 1951 జనవరిలో ఒకే ఒక్క రోజు.

షుఖోవ్ ఆ రోజును ఎలా గడిపాడో గమనించండి. రొట్టెలో సగం పరుపులో దాచి కుట్టేస్తాడు. దొరికిన రంపపు బ్లేడు ముక్కను తనిఖీలో దొరక్కుండా లోపలికి తెస్తాడు. ఇంకొకరి పార్సిలు కోసం వరసలో నిలబడి, అందుకు ఫలంగా రాత్రి రెండో గిన్నె సూపు సంపాదిస్తాడు. అయినా ఇంకొకడి గిన్నె నాకడు. తినేముందు టోపీ తీస్తాడు. గడ్డకట్టే చలిలో గోడ కడుతూ ఉంటే, పనిలో పడి తాను ఖైదీననే సంగతే కాసేపు మరిచిపోతాడు. పని గంట అయిపోయినా, తాపీ దాచిపెట్టే ముందు వెనక్కి వెళ్లి గోడ వరస సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటాడు.

ఈ దృశ్యం చదివి చాలామంది ‘ఆత్మగౌరవం, పనితనం ఉన్నవాడు బతుకుతాడు’ అనే సందేశం తీసుకుంటారు. నవలికలోనే ఇందుకు ఆధారం ఉన్నట్టు కనిపిస్తుంది. గిన్నెలు నాకేవాడు, ఆసుపత్రిని నమ్ముకునేవాడు, తోటివారి మీద చాడీలు చెప్పేవాడు ముందుగా పోతారని కుజ్యోమిన్ అనే పాత ఖైదీ షుఖోవ్‌కు చెప్పి ఉంటాడు. కానీ ఆ వెంటనే షుఖోవ్ మనసులో ఏమనుకున్నాడో చాలామంది దాటేస్తారు. చాడీల విషయంలో కుజ్యోమిన్ చెప్పింది నిజం కాదని, అలాంటివాళ్లు ఇతరుల నెత్తురు మీద తమ ప్రాణం కాపాడుకుంటారని అతనికి తెలుసు. అంటే నీతికీ బతుకుకీ లంకె లేదని నవలికే ఒప్పుకుంటోంది. చలిలో బట్టలు విప్పించి వెతకడం చట్టవిరుద్ధమని ఎదిరించిన నౌకాదళ అధికారి బుయ్నోవ్‌స్కీకి దక్కింది పదిరోజుల చీకటి కొట్టు. అతని నిజాయితీ అతన్ని కాపాడలేదు.

9.4 దుగాయెవ్ లెక్క

ఇప్పుడు షలమోవ్ రాసిన చిన్న కథ ‘ఒంటరి కొలత’ చూడండి. దుగాయెవ్ వయసు 23. ఆకలితో నీరసించి ఉన్నాడు. ఒకరోజు అతని పనిని విడిగా కొలుస్తారు. నిర్ణయించిన పనిలో 25 శాతం తేలుతుంది. అంత చేయగలిగానా అని అతనికే ఆశ్చర్యం. మర్నాడు మామూలుగా పనికి వెళతాడు. ఆ రాత్రి సైనికులు అతన్ని ముళ్లకంచె ఉన్న ఎత్తైన దడి వైపు నడిపించుకుపోతారు. రాత్రుళ్లు అటునుంచి ట్రాక్టర్ల చప్పుడు వినిపించేది. ఎందుకు తీసుకెళుతున్నారో అర్థమయ్యాక అతనికి కలిగే విచారం ఒక్కటే: ఈ చివరి రోజంతా అనవసరంగా పనిచేసి బాధపడ్డానే అని.

షుఖోవ్‌కు పని తనను తాను నిలబెట్టుకునే చోటు. దుగాయెవ్‌కు అదే పని మరణశిక్షకు కొలబద్ద. దుగాయెవ్‌లో లోపం వెతకడానికి కథ మనకు అవకాశమే ఇవ్వదు. అతడు మోసగాడు కాడు, సోమరి కాడు. ఆకలి అతని ఒంట్లో శక్తిని మిగల్చలేదు, అంతే.

‘సెంటెన్షియా’ అనే మరో కథలో, చావు అంచుదాకా వెళ్లిన ఖైదీకి కాస్త తేలిక పని దొరుకుతుంది. ఒంట్లో కండ చేరేకొద్దీ భయం, అసూయ, జంతువుల మీద జాలి ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. ప్రేమ మాత్రం రాదు. మనసు శరీరాన్ని నిలబెట్టిందని కాదు, శరీరం కోలుకున్నాకే మనసు తిరిగొచ్చిందని షలమోవ్ చూపిస్తాడు.

9.5 పిల్లి ప్రశ్న

‘ఒక రోజు’ చదివి షలమోవ్ సోల్జెనిత్సిన్‌కు ఉత్తరం రాశాడు. చాలా మెచ్చుకుంటూనే ఒక సందేహం లేవనెత్తాడు: మీ శిబిరంలో వైద్యశాల దగ్గర పిల్లి తిరుగుతోందేమిటి? అసలైన శిబిరంలో దాన్ని ఎప్పుడో తినేసి ఉండేవారు కదా!

ఈ ప్రశ్నను ఎత్తిపొడుపుగా చదవకండి. 1938 నాటి కొలిమా, 1951 నాటి ఎకిబస్తూజ్ ఒకే వ్యవస్థలోనివే. కానీ ఆకలి స్థాయి వేరు. పిల్లి బతికే చోట మనిషికి టోపీ తీసి తినే వీలుంటుంది. పిల్లి బతకని చోట ఆ వీలు కూడా ఉండదు.

శిబిరం మనిషికి మేలు చేయదని, అది మొదటి గంట నుంచి చివరి గంట దాకా చెడ్డ పాఠశాలేనని షలమోవ్ అభిప్రాయం. సోల్జెనిత్సిన్ ‘గులాగ్ ద్వీపసమూహం’లో దీనితో విభేదించాడు. తన ఆత్మ ఎదిగింది జైల్లోనే అన్నాడు. అయితే షలమోవ్ అనుభవం తనదానికన్నా దీర్ఘమైనదీ, చేదైనదీ అని ఒప్పుకున్నాడు. షలమోవ్ తాను బతకడానికి కారణంగా చూపేది తన గుణాన్ని కాదు. 1946లో ఒక ఖైదీ వైద్యుడి సాయంతో వైద్య సహాయకుల శిక్షణలో చేరడం వల్ల ఆయన గని పని నుంచి బయటపడ్డాడు.

ఇద్దరిలో ఎవరిది నిజం అని అడగటం కన్నా, ఎవరి మాట ఎంతవరకు వర్తిస్తుందని అడగటం మేలు. జైలు తనకేమిచ్చిందో చెప్పే హక్కు సోల్జెనిత్సిన్‌కు ఉంది. ఆ మాటను దుగాయెవ్ మీద రుద్దే హక్కు పాఠకులకు లేదు.

9.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుజ్యోమిన్ చెప్పిన నియమంలో షుఖోవ్ ఒప్పుకోని అంశం ఏది? ఎందుకు?
2. దుగాయెవ్ చివరి విచారం కథకు ఏ అర్థాన్నిస్తుంది?

9.7 సారాంశం

షుఖోవ్ శిక్ష 3653 రోజులు. అందులో చివరి మూడు లీపు సంవత్సరాల వల్ల కలిసినవి. మనకు చూపించింది వాటిలో కలిసొచ్చిన ఒక్క రోజు. మిగతా రోజుల్లో ఏ ఒక్కటి కలిసిరాకపోయినా అతని కథ దుగాయెవ్ కథ అయ్యేది. శిబిరాల నుంచి మనకు చేరిన రచనల్లో చాలావరకు బతికినవారు రాసినవే. అందువల్ల వారి ఓర్పును గౌరవిస్తూనే, దాన్ని బతుకు సూత్రంగా మార్చకుండా చదవాలి. విచారణ జరగవలసింది ఖైదీ గుణం మీద కాదు, రొట్టె ముక్కనూ పని కొలతనూ చావుబతుకుల తీర్పుగా మార్చిన పాలన మీద.

9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. శిబిరంలోని శ్రమను సోల్జెనిత్సిన్, షలమోవ్ చిత్రించిన తీరును పోల్చి విమర్శించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పిల్లి గురించి షలమోవ్ లేవనెత్తిన సందేహం ప్రాధాన్యాన్ని వివరించండి.